వానోళ్ళు వేసిన కప్పు

కంటాన్షి, ముఫులిరా
7 అక్టోబరు 2001, ఆదివారం

మామయ్యకు,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను. ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. మీరు పంపిన కటోంగో మేస్త్రీ పోయిన సోమవారం మన ఇంటి వెనక సగం కప్పు విప్పేశాడు. మంగళవారం నుంచి మనిషి లేడు. ఇంకో ఐదు వారాల్లో వానలు పడతాయి. అమ్మ గదిలో నిలబడి తలెత్తితే ఆకాశం కనిపిస్తోంది.

అమ్మ మంచం ముందుగదిలోకి లాగాను. బియ్యపు డబ్బా, పిండి బస్తా, నా బడి పుస్తకాలు, అమ్మ, నేను, అందరం అందులోనే. ఆ గదికి ఉన్నది అరచెయ్యంత కిటికీ. ఛాతీ జబ్బు చేసిన మనిషికి గాలి, వెలుతురు తగలాలని నర్సు చెప్పబట్టే కదా ఈ పని మొదలుపెట్టాం. నాన్న పోయాక గని వాళ్ళిచ్చిన డబ్బుతో సిమెంటు కొన్నాం, కిటికీ చట్రాలు కొన్నాం. అవన్నీ ఇప్పుడు కటోంగో షెడ్డులో ఉన్నాయి. మన ఇంట్లో ఉంటే దొంగలు పడతారట.

పని మొదలుపెట్టే రోజు నేను అడిగాను. "మేస్త్రీ గారూ, ఏ పని ఎప్పటికవుతుందో ఒక కాగితం మీద రాసుకుందాం" అన్నాను.

"టీచరమ్మా, పుట్టగొడుగుకి వేరే కప్పెందుకే? పుట్టేటప్పుడే నెత్తిన పెట్టుకొస్తుందిగా. ఏదో మీ మామ మొహం చూసి చేస్తున్నా" అన్నాడు.

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. కాగితం సంగతి అక్కడితో పోయింది.

మనది పుట్టగొడుగు వంశం, వాళ్ళది వాన వంశం. వాన లేనిదే పుట్టగొడుగు లేదని వాళ్ళు మనల్ని ఏడిపించాలి, మనం వాళ్ళని తిట్టాలి, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, ఒకరి శవాన్ని ఒకరు మోయాలి. చిన్నప్పుడు మీరే నేర్పారు. మరి ఆ వరసతోనే చెప్తున్నాను. వానోళ్ళ మాట అక్టోబరు మబ్బు లాంటిది, ఊరంతా వినేలా ఉరుముతుంది, చుక్క రాలదు. మీ స్నేహితుడికి ఉన్న పనిముట్టు నాలుక ఒక్కటే. గోడ సరిచూసే రసమట్టం కూడా పక్కింట్లో అడిగి తెచ్చుకున్నాడు.

మీరు ఒక్క మాట రాస్తే వింటాడు. అతన్ని మాట్లాడి కుదిర్చింది మీరు. వెంటనే రాయండి.

అమ్మ దగ్గు తగ్గింది. మా బడిలో ఆరో తరగతి పిల్లలకి పరీక్షలు నడుస్తున్నాయి. అత్తని అడిగానని చెప్పండి.

మీ మేనకోడలు,
కపంబ్వే


మ్పికా, రైల్వే క్వార్టర్లు
19 అక్టోబరు

ఒసేయ్ పుట్టగొడుగు పిల్లా,

నీ ఉత్తరం వర్క్‌షాపులో టీ వేళ పైకి చదివాను. ఒకసారి కాదు, మూడుసార్లు చదివించారు. "వానోళ్ళ మాట అక్టోబరు మబ్బు" అన్నచోట వెల్డింగు ముసలాయన టీ చొక్కా మీద పోసుకున్నాడు. ఆయన వానోళ్ళ మనిషే. "ఈ పిల్లని కన్నతల్లికి దండం పెట్టాలిరా సాంపా, మా వంశాన్ని ఇంత ముద్దుగా తిట్టినవాళ్ళు ఈమధ్య లేరు" అన్నాడు. నాకు గర్వమేసింది. చదువుకున్న పిల్లలు వరసలు మర్చిపోతున్నారని అందరూ ఏడుస్తుంటే, మా ఇంట్లో మా అమ్మ మళ్ళీ పుట్టింది. మీ అమ్మమ్మ నోరూ ఇంతే, సున్నం బట్టీ.

నీ ఉత్తరం అలాగే కటోంగోకి పంపాను. కింద నేనూ ఒక ముక్క గీకాను. వాడు చదివి ఇంకో నెల నవ్వుకుంటాడు.

ఒక మాట మాత్రం బుద్ధిగా విను. వాణ్ణి కాగితం అడగకు. మీ అమ్మమ్మ పోయినప్పుడు నేను తల ఎత్తలేకపోయాను. తలకి దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. గొయ్యి దగ్గర వాడి గొంతు వినపడింది. "ముసలిదానా, లోపల చీకటిగా ఉంటే మా వానోళ్ళని పిలు, మెరుపు పంపిస్తాం" అన్నాడు. ఏడుస్తున్నవాణ్ణి నవ్వాను. నా గుండె ఆగిపోకుండా కాపాడింది ఆ నవ్వే. మా అమ్మకి గొయ్యి తవ్విన చేతిని నమ్మకపోతే ఇంకెవరి చేతిని నమ్మాలి? అలాంటివాడితో కాగితం రాసుకోవడమంటే వాడి మొహాన ఉమ్మినట్టు.

బస్సు డ్రైవరు చేత ఒక సంచి ఎండు గొంగళిపురుగులు పంపుతున్నా. టమాటా, ఉల్లిపాయ వేసి అక్కకి వేయించి పెట్టు. కారం తగ్గించు, దగ్గు రేగుతుంది.

సాంపా మామ


కంటాన్షి
28 అక్టోబరు, ఆదివారం

మామయ్యకు,

గొంగళిపురుగులు అందాయి. అమ్మ ఇష్టంగా తింది. ఈ ఉత్తరంలో మంచి మాట అదొక్కటే.

నేను పరాచికమాడలేదు. వరస అడ్డం పెట్టుకుని నిజం రాశాను, ఎందుకంటే వరస లేకుండా ఆ మనిషిని ఒక్క మాట అనే దారి మీరు నాకు ఉంచలేదు. దాన్ని మీరు టీ బల్ల దగ్గర చదివి నవ్వారు. చాలదన్నట్టు అతనికే పంపారు.

అతను వచ్చాడు. నా ఉత్తరం జేబులో పెట్టుకుని వచ్చాడు. మా పెరట్లో ఇటుకల మీద కూర్చుని, తన తాపీవాళ్ళకి చదివి వినిపించాడు. "చూశారా, నాకున్న పనిముట్టు నాలుకేనట" అని నాలుక బయటపెట్టి చూపించాడు. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూసి నవ్వారు. అమ్మా నవ్వింది. నవ్వుతూ దగ్గింది. "మరి కప్పెప్పుడు వేస్తారు?" అని నేనడిగితే, "కోపమొచ్చిందే పుట్టగొడుగుకి, తొక్కకండ్రా, విరుగుతుంది" అన్నాడు. మళ్ళీ నవ్వులు. వెనక గోడకి నాలుగు వరసలు ఇటుకలు పేర్చి వెళ్ళిపోయారు.

వార్డు పెద్ద దగ్గరికి వెళ్ళాను. చెప్పిందంతా విన్నాడు. "అతను వానోళ్ళవాడా? నువ్వు పుట్టగొడుగా? అయితే ఇక్కడికెందుకొచ్చావమ్మా, ఇంటికెళ్ళి వాణ్ణి నాలుగు తిట్టు" అన్నాడు.

మామయ్యా, ఎవరూ నా కోపాన్ని కోపమని ఒప్పుకోవడం లేదు. నేను అరిస్తే ముచ్చటగా ఉంది వీళ్ళకి.

అందుకని వేరే పని చేశాను. పోయిన శనివారం అతను ఇంతకుముందు కట్టిన ఇళ్ళు చూడ్డానికి వెళ్ళాను. పని మొదలుపెట్టకముందు అతను మనకి చూపించింది ఒక్క ఇల్లే, అప్పుడే రంగేసినది, తలుపులు కూడా నూనె వాసన కొట్టేవి. కొత్త ఇల్లు ఎవరిదైనా బాగానే ఉంటుంది. నేను నిరుడు కట్టినదాని కోసం అడుగుతూ పోయాను. గొర్రెల సంత వెనక దొరికింది. ఆ ఇల్లుగలావిడ న్కోలే అని, ఆస్పత్రిలో బట్టలుతుకుతుంది. తలుపు మూల మీంచి పైకప్పు దాకా గోడ చీలింది. చీలికలో పాత పేపర్లు కుక్కింది. నేను వేలితో గీకితే ఇటుకల మధ్య మాలు పిండిలా రాలింది. ఇసుకే తప్ప సిమెంటు లేదు.

"మీరు అడగలేదా అమ్మా?" అన్నాను.

"అడిగాను తల్లీ. నాకు పొట్ట పగిలేట్టు నవ్వొచ్చే మాట చెప్పాడు. నవ్విన నోటితో ఎలా అరుస్తాం? సాయంత్రం అయ్యాక గుర్తొచ్చింది, నేను అడిగినదానికి జవాబు రాలేదని."

ఆవిడ ఇంకో సంగతి చెప్పింది. అతని దగ్గర ఒకసారి పనిచేసిన తాపీవాడు రెండోసారి పనిచెయ్యడట. మన ఇంటికి వచ్చినవాళ్ళని చూశాను. కప్పు విప్పినవాళ్ళు వేరు, ఇటుకలు పేర్చినవాళ్ళు వేరు.

చివరికి, ఇది చదివేటప్పుడు మీరు టీ బల్ల దగ్గర ఉంటే పక్కకి వెళ్ళి చదవండి. తిరిగొస్తుంటే బస్టాండు పక్క సారా కొట్టుకి కొత్తగా రేకుల కప్పు కనిపించింది. ఒక రేకుకి నల్లటి రబ్బరు అతుకు ఉంది, నాలుగు మూలలా రాగి రివెట్లు. గనిలో పాతబడిన కన్వేయర్ బెల్టు ముక్క అది. ఆ ముక్క నాన్న తెచ్చాడు. ఆ రివెట్లు కొడుతుంటే కింద నిచ్చెన పట్టుకున్నది నేను. మన పాత రేకులు చెత్తకింద పారేశానని కటోంగో అమ్మకి చెప్పాడు. నాన్న వేసిన కప్పు కింద ఇప్పుడు తాగుబోతులు కూర్చున్నారు.

అతన్ని పని మాన్పించండి. మన సిమెంటు, చట్రాలు తిరిగి ఇవ్వమని రాయండి. ఇందులో నవ్వే చోటు ఒక్కటి కూడా లేదు.

కపంబ్వే


మ్పికా
6 నవంబరు

కపంబ్వే,

నీ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించలేదు. సిగ్గేసి.

మా అమ్మని పాతిపెట్టిన మనిషి గురించి ఇల్లిల్లూ తిరిగి పోలీసులా వాకబు చేశావా? ఊళ్ళో ఏమనుకుంటారు? సాంపా మేనకోడలు వానోళ్ళ మీద పగ పట్టింది, రేపు వీళ్ళింట్లో ఎవరైనా పోతే శవం మోసేదెవరు, అనుకోరా? నువ్వు మోస్తావా? నీ బడి పిల్లలు మోస్తారా?

రేకుల సంగతి కటోంగోనే నాకు రాశాడు. పాత రేకులు వాడుకున్నాడట. వానోళ్ళు మన పెరట్లో కోణ్ణి పట్టుకుపోతే మనం నవ్వి ఊరుకోమా? మనం వాళ్ళ పొలంలో మొక్కజొన్న పొత్తు విరుచుకోమా? ఇదీ అంతే. నీ తండ్రి రేకులని నాకూ బాధగానే ఉంది. కానీ నీ తండ్రి కూడా నవ్వేవాడు.

నేను నిన్ను చదివించింది నలుగురికీ సాయపడతావని. నలుగురినీ అనుమానించడానికి కాదు. ఇంటి పెద్దవి నువ్వు కాదు. అక్క ఉంది, ఆమె తర్వాత నేనున్నాను. అక్కకి ఇబ్బంది ఉంటే నాకు ఒక్క మాటైనా చెప్పించదా? ఇన్ని ఉత్తరాల్లో ఆమె మాట ఒక్కటీ లేదు. నువ్వే రాస్తున్నావు, నువ్వే కోప్పడుతున్నావు. వాడు వచ్చినప్పుడు ఆమె నవ్విందని నువ్వే రాశావు. నవ్విన మనిషికి కష్టమేముంది?

క్రిస్మసుకి వస్తాను. అందరం కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటిదాకా వాడి జోలికి పోకు.

సాంపా


కంటాన్షి
18 నవంబరు, ఆదివారం

మామయ్యకు,

వాన వచ్చింది. బుధవారం మధ్యాహ్నం, నేను నాలుగో తరగతికి కూడికలు చెప్తుంటే. సుద్దముక్క పడేసి పరుగెత్తాను. పై తరగతి పెద్దమ్మాయి ఒకతె క్లాసు చూసుకుంటానంది. ఇంటికి వచ్చేసరికి వెనక వంటగదిలో మోకాలి కింది దాకా ఎర్రనీళ్ళు. అమ్మ, పొద్దున వంటకని వెనక్కి తెచ్చిన పిండి బస్తా మీద తన నడుముకి చుట్టుకునే చిటెంగే గుడ్డ కప్పి, దాని మీద తను వంగి నిలబడింది. నెల తిండి కదా. తలమీద ఏమీ లేదు. "బస్తా తడవలేదు" అంది నన్ను చూసి. కటోంగో పేర్చిన కొత్త గోడ, ఆ నాలుగు వరసలూ, నీళ్ళలో పక్కకి ఒరిగి పడిపోయింది. పుల్లతో తోస్తే పడే గోడని వాన తోసింది.

గురువారం జ్వరం. శుక్రవారం ఆస్పత్రిలో చేర్చాను. నర్సు నన్ను తిట్టింది. "గాలి తగిలే గది చూపించమంటే ఆకాశం చూపించావా?" అంది. మాట పడ్డాను.

ఆస్పత్రి నుంచి సరాసరి కటోంగో షెడ్డుకి వెళ్ళి, మా సామాను ఇవ్వమన్నాను. వార్డు పెద్దని కూడా వెంట తీసుకెళ్ళాను. కటోంగో లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చాడు. నా మొదటి ఉత్తరం. కింద మీ చేతిరాత. వార్డు పెద్ద పైకి చదివాడు.

"తొందరేం లేదురా కటోంగో. ఈ పుట్టగొడుగుల్ని కొన్నాళ్ళు ఆకాశం కిందే ఉంచు, బాగా లావెక్కుతాయి. మేనమామగా హుకుం ఇస్తున్నా."

వార్డు పెద్ద నావైపు తిరిగి, "మీ ఇంటి పెద్దే ఆలస్యం చెయ్యమన్నాడు, నేనేం చెయ్యను తల్లీ?" అన్నాడు. కటోంగో ఈసారి నవ్వలేదు. నవ్వాల్సిన అవసరం లేకపోయింది. మామయ్యా, మేం అడిగితే కాగితం వద్దన్నారు. అతనికి మాత్రం మీరే కాగితం రాసిచ్చారు.

అమ్మ మాట ఒక్కటీ లేదన్నారు. అమ్మకి రాయడం రాదు, మీకు తెలుసు. నేను రాసిపెడతానంటే, తమ్ముడికి చెడ్డమాట పంపనని ప్రతిసారీ అంది. నిన్న సాయంత్రం మంచం మీద కూర్చుని, "ఇప్పుడు రాయి" అంది. తను చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట కూడా నాది కాదు.

"తమ్ముడూ, నేను నవ్వాను. పదిమంది నవ్వుతుంటే నేనొక్కదాన్ని ఏడిస్తే వరస చెడగొట్టినదాన్నవుతానని నవ్వాను. నవ్వినంత మాత్రాన నాకు తడి తగల్లేదా? ఇంకొకటి చెప్పాలి. ఇన్నేళ్ళూ నీ మనసు కష్టపెట్టకూడదని చెప్పలేదు. అమ్మ పోయినప్పుడు నువ్వు తలకి దుప్పటి కప్పుకున్నావు. నేను కప్పుకోలేదు, చూస్తూనే ఉన్నాను. గొయ్యి తవ్వింది కటోంగో కాదు. వాళ్ళ తమ్ముడూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ తవ్వారు. రాతినేల, మధ్యాహ్నం దాకా తవ్వారు, చేతులు పగిలాయి. కటోంగో గట్టు మీద చెట్టునీడలో కూర్చుని మాట్లాడాడు. నీకు వినిపించింది వాడి గొంతు. పార పట్టినవాళ్ళు ఒక్క మాటా మాట్లాడలేదు గనక వాళ్ళు నీకు తెలీలేదు. నన్ను నవ్వించినందుకు వాడి రుణం నాకూ ఉంది. ఆ రుణం నవ్వుతోనే తీరుస్తాను. ఇంటి కప్పుతో తీర్చను."

అమ్మ చెప్పడం ఆపాక చాలాసేపు దగ్గింది. నేను రాసింది చదివి వినిపిస్తే తల ఊపింది.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. మీకు కోపం వస్తుంది, రానివ్వండి. ఇంకో మేస్త్రీని చూశాను. పేరు ముషితాలా, కావొండే తెగ మనిషి, సొల్వేజీ వైపు నుంచి వచ్చాడు. మనకి అతనితో ఏ వరసా లేదు. తిట్టడానికి లేదు, నవ్వడానికి లేదు. పదిహేను రోజుల్లో ఒక్కసారి కూడా నవ్వగా చూడలేదు. నాకు ప్రాణం హాయిగా ఉంది.

అతను కట్టిన ఇల్లు చూస్తానన్నాను. "ఎండలో చూస్తే ఏం తెలుస్తుంది, వాన పడేదాకా ఆగండి" అన్నాడు. గురువారం వానలో గొడుగు పట్టుకుని తీసుకెళ్ళాడు. మూడు వానాకాలాలు దాటిన ఇల్లు. "నేను లోపలికి రాను. నా ముందు ఆవిడ నిజం చెప్పలేదు" అని గేటు దగ్గరే తడుస్తూ నిలబడ్డాడు. ఆ ఇల్లుగలావిడ వంటగది మూలలో ఒక మరక చూపించింది. "మొదటి ఏడు ఇక్కడ కారింది. కబురు పెడితే మర్నాడు వచ్చి రేకు మార్చాడు. తిట్టాను, పడ్డాడు" అంది. తప్పు లేని ఇల్లని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదేమో. అతని తాపీవాళ్ళు ఇద్దరూ తొమ్మిదేళ్ళుగా అతనితోనే ఉన్నారు. వాళ్ళని విడిగా అడిగాను, శనివారం శనివారం కూలి అందుతుందట. కాగితం నేను అడగలేదు, అతనే రాసి తెచ్చాడు. ఏమేం చేస్తాడో, ఏమేం తనకి చేతకాదో. కరెంటు పని తనకి రాదని రాశాడు. తనకి రానిది కాగితం మీద పెట్టిన మేస్త్రీని నేను ఇంతవరకు చూడలేదు.

ఒక్క చిక్కుంది. కూలిన గోడ చుట్టూ తిరిగి చూసి అతను అన్నాడు. "సగంలో ఉన్న ఇంకొకడి పని మీద నేను ఇటుక పెట్టను టీచరుగారూ. పని చెప్పినవాళ్ళే ఆపమని చెప్పాలి. ఇవాళ అతని వెనకాల నన్ను పెట్టుకుంటే, రేపు నా వెనకాల ఇంకొకడిని పెట్టుకుంటారు."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ మాట విన్నాకే అతనే కావాలనిపించింది.

పని చెప్పింది మీరు. ఆపాల్సిందీ మీరే. కటోంగో కూడా మీ మాట లేనిదే సామాను వదలనంటున్నాడు. వార్డు పెద్ద కూడా మీ కాగితమే అడుగుతున్నాడు. ఊరంతా మీ కాగితం కోసం చూస్తోంది, అమ్మ ఆస్పత్రి మంచం మీద ఉంది.

మీరు కటోంగోతో స్నేహం మానుకోనక్కర్లేదు. క్రిస్మసుకి వచ్చి అతన్ని ఎంతసేపైనా తిట్టండి, నవ్వండి. రేపు అమ్మకి ఏమైనా అయితే, అతను వచ్చి గట్టు మీద కూర్చుని నన్ను నవ్విస్తాడని నాకు తెలుసు. ఆ రోజుని ఆలస్యం చెయ్యడానికే ఈ ఉత్తరం.

మూడు వాక్యాలు చాలు. కటోంగోతో మాట్లాడుకున్న పని ఇంతటితో ఆగిపోయిందని. సిమెంటు, చట్రాలు, రేకులు తిరిగి ఇవ్వాలని. ఇక ఈ ఇంటి పని కపంబ్వే చూసుకుంటుందని. కింద మీ సంతకం, స్టేషను మాస్టరుగారి సాక్షి సంతకం. ఆ కాగితంలో ఒక్క పరాచికం కూడా ఉండకూడదు మామయ్యా. అరపరాచికం ఉన్నా అతను దాన్నే పట్టుకుంటాడు.

డిసెంబరు మొదటి తారీఖులోగా మాట రాకపోతే ముషితాలా చింగోలాలో వేరే పని ఒప్పుకుని వెళ్ళిపోతాడు. ఆస్పత్రివాళ్ళు అమ్మని ఆ వారంలోనే పంపించేస్తామంటున్నారు. పంపిస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలో మీరే చెప్పాలి.

మ్పికా బస్సు గురువారం మూడింటికి వస్తుంది. నవంబరు 29న నేను బడికి సెలవు పెట్టి బస్టాండులో ఉంటాను, ఆ సారా కొట్టు ఎదురుగా, నాన్న రేకులు కనిపించేచోట. ఆ రోజుకి జవాబు నా చేతికి అందేలా పంపండి.

కపంబ్వే